కొత్త సైలెన్సర్ బిగించాక ట్రాక్టర్ గలగలమంటోందా? చప్పుడు ఎక్కడిదో ముందు కనిపెట్టండి

పామాయిల్ తోటల్లో ట్రాక్టర్ నడిపే రైతులకు నిలువు సైలెన్సర్‌తో పడే తిప్పలు తెలిసినవే. అశ్వారావుపేట, దమ్మపేట, ములకలపల్లి మండలాల్లో తొమ్మిది మీటర్ల ఎడంతో ఎకరానికి 57 చొప్పున నాటిన మొక్కలు నాలుగైదేళ్లకల్లా మట్టలు చాచి సాళ్ల మధ్య దారిని మూసేస్తాయి. బానెట్ మీద నిలబడ్డ గొట్టం ఆ మట్టలకు తగిలి వంగుతుంది, పైమూత ఊడిపోతుంది, కొన్నిసార్లు అడుగున ఫ్లాంజ్ దగ్గరే పగులుతుంది. అందుకని చాలామంది నిలువు గొట్టం తీయించి, ఇంజిన్ పక్కగా వచ్చి ఫుట్‌బోర్డు కింద నుంచి వెనక్కి పోయే పక్క సైలెన్సర్ పెట్టిస్తున్నారు. ఇంకొందరు పాత మానిఫోల్డ్ పగిలితే కంపెనీది కాకుండా బయట దొరికే మానిఫోల్డ్ తెచ్చి బిగిస్తున్నారు. కుర్రవాళ్లు మోత కోసమే లోపల ఏమీ లేని ఖాళీ గొట్టం పెట్టించుకోవడమూ ఉంది.

మూడింట్లోనూ వారం పది రోజుల్లో వచ్చే ఫిర్యాదు ఒకటే: బండి గలగలమంటోంది. రేకు చప్పుడేలే అని బైండింగ్ వైరుతో కట్టేసి దుక్కికి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మైదానంలో ఆ నిర్లక్ష్యానికి డీజిల్, గాస్కెట్, మహా అయితే ఒక మానిఫోల్డ్ పోతాయి. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచున ఉన్న చేలల్లో పోయేది వేరే ఉంది. చప్పుడు వస్తున్న చోట జాయింటు వదులైందంటే, అక్కడి నుంచి మంటలాంటి వేడి గాలి బయటికి తన్నుతోందని అర్థం. పని లోడులో మానిఫోల్డ్ దగ్గర పొగ వేడి 400 నుంచి 600 డిగ్రీల దాకా ఉంటుంది. ఎండుగడ్డి, ఎండాకు అంటుకోవడానికి అందులో సగం వేడి కాసేపు తగిలినా చాలు. నిలువు గొట్టమైతే ఆ వేడి తలపైకి పోతుంది. పక్క సైలెన్సర్‌లో మోకాలి ఎత్తున, సరిగ్గా ఎండు మట్టల కుప్పల పక్కనే పోతుంది.

అందుకే చప్పుడు ఆపడం కన్నా ముందు, అది ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాలి. అన్ని నట్లూ ఒకసారి బిగించేస్తే పోతుందనుకోవడం సరికాదు. బిగించకూడని చోట బిగించడం వల్లే వచ్చే చప్పుళ్లు కూడా ఉన్నాయి.

కొత్త గొట్టం ఎందుకు మోగుతుంది

ఇనుప గొట్టం వేడెక్కితే సాగుతుంది. మీటరు పొడవున్న గొట్టం 30 డిగ్రీల నుంచి 400 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. పక్క సైలెన్సర్ మొత్తం పొడవు మీటరున్నర ఉంటే ఆరున్నర మిల్లీమీటర్లు. ఒక కొన మానిఫోల్డ్‌కు, రెండో కొన ఫుట్‌బోర్డుకు కదలకుండా బిగించేసి ఉంటే ఆ ఆరున్నర మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? గొట్టం విల్లులా వంగి ఏదో ఒక జాయింటును తెరుస్తుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు లేని చప్పుడు గంట దున్నాక మొదలైతే కారణం చాలావరకు ఇదే.

రెండో కారణం ఊపు. మూడు సిలిండర్ల ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 37 సార్లకు పైగా పొగను గొట్టంలోకి తోస్తుంది. ప్రతి తోపుకూ గొట్టం వణుకుతుంది. ఊయలను సరైన సమయంలో చిన్నగా తోసినా ఎంత ఎత్తుకు పోతుందో చూశారు కదా, గొట్టం సహజంగా ఊగే వేగం, ఇంజిన్ తోసే వేగం ఒకటైన చోట చిన్న వణుకే పెద్ద మోత అవుతుంది. అందుకే కొన్ని బండ్లు ఒక ఆర్‌పీఎం దగ్గరే మోగి, అంతకు పైనా కిందా నిశ్శబ్దంగా ఉంటాయి. కంపెనీ ఇంజినీర్లు గొట్టం పొడవు, మందం, ఆనిక పెట్టే చోటు ఇవన్నీ లెక్క చూసే పెడతారు. మన వెల్డింగ్ షాపులో ఆ లెక్క ఉండదు, ఖాళీ ఉన్న చోట బ్రాకెట్ పడుతుంది. తప్పు పట్టడానికి కాదు, వాళ్లకు బండి కదలకుండా ఒక్క పూటే దొరుకుతుంది మరి.

మూడోది బరువు. నిలువు సైలెన్సర్ బరువు మానిఫోల్డ్ మీద నేరుగా కిందికి పడుతుంది. పక్క సైలెన్సర్ బరువు మాత్రం చేయి చాచి బిందె పట్టుకున్నట్టు ఫ్లాంజ్‌ను పక్కకు లాగుతుంది. సరైన ఆనిక లేకపోతే గట్ల మీద, గడ్డల మీద బండి ఎగిరిన ప్రతిసారీ ఆ లాగుడంతా నాలుగు స్టడ్‌ల మీదే పడుతుంది. టర్బో ఉన్న ట్రాక్టర్లలో ఇది మరీ ప్రమాదం. గొట్టం బరువు టర్బో ఫ్లాంజ్ మీద వేలాడితే పగిలేది గొట్టం కాదు, టర్బో బాడీ.

చప్పుడు విని చోటు పట్టుకోవడం

బండిని సమతలంగా ఉన్న నేల మీద, చుట్టూ గడ్డి లేని చోట ఆపండి. న్యూట్రల్‌లో ఉంచి, పీటీఓ తీసేసి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. మొదటి పరీక్ష ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే చేయాలి, అంటే పొద్దున్నే. చేత్తో గొట్టాన్ని పట్టుకుని పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ ఊపండి. ఎక్కడైనా టక్కుమంటే సగం పని అయినట్టే. తర్వాత సైలెన్సర్ డొల్లను చెక్కముక్కతో మెల్లగా తట్టండి. లోపల ఏదో దొర్లినట్టు, రేకు ఆడినట్టు వినిపిస్తే లోపలి అడ్డరేకు వెల్డింగ్ విడిపోయింది. దీనికి బయట ఎన్ని క్లాంపులు వేసినా లాభం లేదు, సైలెన్సర్ మార్చాల్సిందే. విడిపోయిన రేకు అడ్డం తిరిగి దారి మూసేస్తే బండి లాగదు, నల్లపొగ వస్తుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. అప్పుడు చాలామంది డీజిల్ పంపును అనుమానించి, దాని మీద డబ్బు పెడతారు.

చల్లగా ఉన్నప్పుడే జాయింట్ల చుట్టూ నల్లటి మసి గీతలు ఉన్నాయేమో చూడండి. మానిఫోల్డ్ ఇంజిన్ హెడ్‌కు ఆనే చోట, గొట్టం మానిఫోల్డ్‌కు ఆనే చోట, గొట్టం సైలెన్సర్‌లోకి దూరే చోట మసి చిమ్మినట్టు కనిపిస్తే గాలి పోతున్నది అక్కడే. ఇనుము మీద ఎక్కడైనా నిగనిగలాడే మచ్చ ఉంటే, అక్కడ గొట్టం దేనికో రాసుకుంటోంది. ఆ రాసుకునేది హైడ్రాలిక్ పైపో, డీజిల్ పైపో, వైరింగో అయితే పని మానేసి ముందు దాన్ని జరపండి. అరిగిన డీజిల్ పైపు, పక్కనే కాలిన గొట్టం, ఈ రెండూ ఒకచోట ఉండకూడదు.

ఇక స్టార్ట్ చేసి వినాలి. మీటరు పొడవు రబ్బరు పైపు ముక్క ఒకటి తీసుకుని ఒక కొన చెవి దగ్గర పెట్టుకోండి, రెండో కొనను జాయింట్ల దగ్గర మెల్లగా తిప్పండి. లీకు ఉన్న చోట బుసబుస నేరుగా చెవిలో వినిపిస్తుంది. ఫ్యాను, బెల్టులకు దూరంగా ఉండండి, భుజం మీది కండువా తీసి పక్కన పెట్టండి. సీట్లో మరొకరు కూర్చుని యాక్సిలరేటర్ మెల్లగా పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి.

స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని గట్టిగా వినిపించి, బండి వేడెక్కేకొద్దీ తగ్గితే అది మానిఫోల్డ్ గాస్కెట్ లీకు. ఇనుము సాగి సందు మూసుకుంటుంది కాబట్టి చప్పుడు తగ్గుతుంది. చప్పుడు తగ్గింది కదా అని వదిలేస్తే సందు రోజురోజుకూ కాలి పెద్దదవుతుంది. వేడెక్కాక మొదలయ్యే టకటకకు కారణం పైన చెప్పుకున్న సాగుడు. ఒక్క ఆర్‌పీఎం దగ్గరే జుయ్యిమనే రేకు మోత వస్తే వదులైన క్లాంపు, వేడి తగలకుండా పెట్టిన రేకు, లేదా ఆనిక లేకుండా పొడవుగా వేలాడుతున్న తోక గొట్టం. గేరు వేసి క్లచ్ వదలగానే, లేదా గట్టు ఎక్కి దిగినప్పుడే దబ్బుమంటే గొట్టం బాడీకి తగులుతోంది.

టిక్ టిక్ విషయంలో ఒక జాగ్రత్త. ట్యాపెట్ చప్పుడు కూడా ఇలాగే ఉంటుంది. తేడా తెలుసుకోవడానికి సబ్బునీళ్లు పనికొస్తాయి. రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో, మానిఫోల్డ్ ఇంకా చేయి పెట్టగలిగేంత చల్లగా ఉండగానే, జాయింట్ చుట్టూ బ్రష్‌తో సబ్బునీళ్లు పూయండి. బుడగలు లేస్తే లీకు. బుడగలూ లేవు, మసీ లేదు, చప్పుడు మాత్రం బానెట్ కింద పైభాగం నుంచి వస్తోంది అంటే ట్యాపెట్ క్లియరెన్స్ చూపించుకోవాలి. కాలుతున్న మానిఫోల్డ్ మీద మాత్రం నీళ్లు పోయకండి. పోత ఇనుము పగులుతుంది.

నిలువు గొట్టం ఉన్నవాళ్లు ఇవన్నీ చేసేముందు పైమూతను చూడండి. ఐడిలింగ్‌లో టపటప కొట్టుకునే మూత వల్ల వచ్చే చప్పుడును ఇంజిన్ చప్పుడనుకుని మెకానిక్ దగ్గరికి బండి తెచ్చేవాళ్లు ఉన్నారు.

సరిచేయడం

మానిఫోల్డ్ విప్పిన ప్రతిసారీ గాస్కెట్ కొత్తది వేయాలి. పాతది బాగానే ఉందని మళ్లీ పెట్టడం, పాతదాని మీద కొత్తది వేసి రెండూ కలిపి బిగించడం, గాస్కెట్ బదులు సీలెంట్ పూయడం, ఈ మూడూ ఒక సీజన్ కూడా నిలవవు. గాస్కెట్ ఖరీదు ఒక పూట దుక్కికి పోసే డీజిల్ ఖర్చుకు మించదు.

బయట కొన్న మానిఫోల్డ్ అయితే బిగించేముందు దాని ముఖం చదునుగా ఉందో లేదో చూడాలి. ఉక్కు స్కేలును అంచు మీద నిలబెట్టి ఆ ముఖం పొడవునా ఆనించి, వెనక నుంచి వెలుగు వస్తోందేమో చూడండి. 0.2 మిల్లీమీటర్ల ఫిల్లర్ గేజ్ ఎక్కడైనా దూరితే ఆ మానిఫోల్డ్‌ను అలాగే బిగించకండి. ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో మిషన్ వర్క్ చేసే షాపులో ముఖం తీయించండి. గాస్కెట్‌ను మానిఫోల్డ్ మీద పెట్టి రంధ్రాలు సరిపోయాయో చూసుకోండి. రంధ్రం అంచు లోపలికి పొడుచుకొస్తే పొగకు అడ్డం, ఆ అంచే ముందుగా కాలి లీకవుతుంది.

నట్లు బిగించే వరుస ముఖ్యం. మధ్యలో ఉన్నవాటితో మొదలుపెట్టి రెండు చివరలకూ పోవాలి. ఒకేసారి పూర్తిగా కాకుండా, అన్నింటినీ మొదట సగం, తర్వాత ముప్పాతిక, ఆఖరున పూర్తిగా, ఇలా మూడు దఫాలుగా బిగించాలి. ఎంత బిగువన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ రెంచ్ ఉన్న మెకానిక్ చేత చేయించండి. అది లేనప్పుడు కనీసం స్పానర్‌కు గొట్టం తొడిగి బిగించే అలవాటు మానాలి. ఎక్కువ బిగిస్తే స్టడ్ తెగి హెడ్‌లో ఉండిపోతుంది, దాన్ని బయటికి తీయడం గాస్కెట్ పని కన్నా పదింతల పని. మామూలు స్ప్రింగ్ వాషర్లు ఆ వేడికి బిగువు కోల్పోతాయి, కాబట్టి వేడికి తట్టుకునే లాక్ నట్లు వాడండి. మొదటిసారి బండి పనిచేసి పూర్తిగా చల్లారాక మళ్లీ ఒకసారి అదే వరుసలో బిగువు చూడాలి. కొత్త గాస్కెట్ అణుగుతుంది కనుక ఈ రెండో చూపు తప్పనిసరి. దీన్ని వదిలేసినందువల్లే చాలా బండ్లు వారానికి మళ్లీ మొదటికొస్తాయి.

ఇప్పుడు ఆనిక సంగతి. కారులో ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, అందుకే అక్కడ గొట్టాన్ని రబ్బరు కొక్కేలకు వేలాడదీస్తారు, మధ్యలో మెలిక తిరిగే జాలి గొట్టం పెడతారు. ట్రాలీ ఆటోలు, పికప్ బండ్లదీ అదే పద్ధతి. మన మామూలు ట్రాక్టర్ కట్టుబడి వేరు. ఇంజిన్, క్లచ్ హౌసింగ్, గేరుబాక్సు ఒకదానికొకటి బోల్టులతో కలిసి ఒకే దుంగలా ఉంటాయి. కాబట్టి బ్రాకెట్‌ను ఆ దుంగకే, అంటే క్లచ్ హౌసింగ్ లేదా గేరుబాక్సు మీద ఖాళీగా ఉన్న బోల్టుకు పట్టించాలి. అప్పుడు గొట్టం రెండు కొనలూ కలిసి కదులుతాయి. మడ్‌గార్డుకో ఫుట్‌బోర్డుకో పట్టిస్తే, ఆ రేకు దాని పాటికి అది వణికి గొట్టాన్ని కుదిపేస్తుంది. రేకు పెద్దది కదా, డప్పులా మోత పెంచుతుంది కూడా. సగం గలగలలు ఈ ఒక్క మార్పుతో పోతాయి.

బ్రాకెట్‌లో బోల్టు రంధ్రం గుండ్రంగా కాకుండా గొట్టం పొడవు దిక్కుగా పది మిల్లీమీటర్ల కోలగా ఉండాలి, గొట్టం సాగినప్పుడు జరగడానికి. లేదా గొట్టాన్ని పట్టే క్లాంపు జారేటట్టు ఉండాలి. బిగించకూడని చోట బిగిస్తారని ముందు అన్నది దీని గురించే. ఇంకా ఒక ఆర్‌పీఎం దగ్గర మోత మిగిలితే గొట్టం మందం పెంచకండి, ఆనికను అరడుగు అటో ఇటో జరపండి. తోక గొట్టం ఆనిక దాటి అడుగు కన్నా ఎక్కువ వేలాడకుండా చూసుకోండి.

పోత ఇనుప మానిఫోల్డ్‌కు గొట్టాన్ని నేరుగా వెల్డింగ్ చేయించే షాపులు ఉన్నాయి. ఒప్పుకోకండి. మామూలు రాడ్డుతో పోత ఇనుము మీద వేసిన వెల్డింగ్ పక్కనే పగులుతుంది, ఆపైన విప్పడానికి జాయింటు ఉండదు. బండి మీద ఎక్కడ వెల్డింగ్ చేయించినా బ్యాటరీ తీగలు తీయించాలి. ఎలక్ట్రానిక్ డీజిల్ ఇంజెక్షన్ ఉన్న కొత్త బండ్లలో కంప్యూటర్ పెట్టె ప్లగ్గులు కూడా తీయాలి. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకు వచ్చిన కొత్త పొగ నిబంధనల ప్రకారం తయారైన బండ్లకైతే సైలెన్సర్ వైపు చేయి పెట్టకపోవడమే మంచిది. వాటిలో పొగ శుద్ధి చేసే భాగాలు, సెన్సర్లు ఆ దారిలోనే ఉంటాయి. కంపెనీ షోరూమ్‌లో తోటల కోసం తయారుచేసిన పక్క సైలెన్సర్ మీ మోడల్‌కు ఉందేమో అడగండి, వారంటీ సంగతి కూడా అక్కడే తేల్చుకోండి.

గొట్టానికి గుడ్డ పట్టీ చుట్టి చప్పుడు, వేడి రెండూ తగ్గిస్తామని చెప్పేవాళ్లున్నారు. ఆస్‌బెస్టాస్ తాడైతే దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు. ఏ పట్టీ అయినా డీజిల్, ఆయిల్ చుక్కలను పీల్చి దీపపు వత్తిలా తయారవుతుంది, వానాకాలంలో తడి పట్టి లోపల గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. దాని బదులు గొట్టానికి అంగుళం ఎడంగా చిల్లుల రేకు అడ్డం పెట్టించండి. ఆ రేకు కూడా రెండు చోట్ల కాదు, మూడు చోట్ల పట్టి ఉండాలి, లేకపోతే అదే కొత్త గలగల అవుతుంది.

మోత పెరిగితే లాగుడు పెరగదు

ఖాళీ గొట్టం పెడితే పికప్ వస్తుందన్న నమ్మకం ఊళ్లలో బలంగా ఉంది. డీజిల్ ట్రాక్టర్ ఎంత లాగుతుందన్నది పంపు ఎంత డీజిల్ పోస్తుందన్నదాని మీద, ఎంత గాలి దొరుకుతుందన్నదాని మీద ఆధారపడుతుంది. మూసుకుపోయిన సైలెన్సర్ తీసేస్తే తేడా తెలుస్తుంది, నిజమే. బాగున్నదాన్ని తీసేస్తే పెరిగేది చప్పుడు మాత్రమే. ఎయిర్ ఫిల్టర్ దులిపితే వచ్చే లాభం ఇంతకన్నా ఎక్కువ. వ్యతిరేక దిశలో తప్పు చేయడమూ ఉంది. పక్క సైలెన్సర్‌కు అసలు గొట్టం కన్నా సన్నటిది వేస్తే పొగ వెనక్కి తన్ని బండి ఉడికిపోతుంది. లోపలి వ్యాసం కంపెనీ గొట్టానికి తగ్గకూడదు, మలుపులు వీలైనంత పెద్దవిగా ఉండాలి.

చెవి సంగతి కూడా ఆలోచించండి. రోజుకు 8 గంటలు 85 డెసిబెల్స్ దాటిన మోతలో ఏళ్ల తరబడి పనిచేస్తే వినికిడి తగ్గుతుంది. మోత మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ చెవి తట్టుకునే సమయం సగానికి పడిపోతుంది. పోయిన వినికిడి మందులతో తిరిగి రాదు. కిరాయి దుక్కులకు రోజంతా తిరిగే డ్రైవర్లకు ఇయర్ ప్లగ్గులు కొనివ్వండి.

చట్టం విషయానికొస్తే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన వ్యవసాయ ట్రాక్టర్‌తో సహా ప్రతి వాహనానికీ సైలెన్సర్ ఉండాలంటుంది. శబ్ద, పొగ ప్రమాణాలు మీరిన బండిని రోడ్డెక్కిస్తే మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికి 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండవచ్చు, లైసెన్సు 3 నెలలు పోతుంది. మార్కెట్‌కు మిర్చి, పత్తి వేసుకుపోయే దారిలో బండి ఆపితే సరుకు కూడా అక్కడే ఆగుతుంది.

అడవి అంచున ఇంకొన్ని జాగ్రత్తలు

ఇక్కడ ఆకు రాలే కాలం ఫిబ్రవరిలో మొదలవుతుంది. అప్పటి నుంచి తొలకరి దాకా, అంటే మిర్చి కల్లాలు, మొక్కజొన్న కోతలు, ఏప్రిల్-మే నెలల్లో తునికాకు సేకరణ జరిగే రోజులంతా నేల మీద ఎండాకు పరుపులా ఉంటుంది. పోడు చేలకూ అడవికీ మధ్య చాలాచోట్ల గట్టు కూడా ఉండదు. చేలో లేచిన మంట రిజర్వ్ ఫారెస్టులోకి పోతే పంట నష్టంతో పాటు కేసు కూడా మీదికొస్తుంది.

ఈ రోజుల్లో గొట్టం కొన ఎటు చూస్తోందన్నదే మొదటి ప్రశ్న. పక్క సైలెన్సర్ కొన నేల వైపు తిరిగి ఉండకూడదు. వెనక్కి, నేలకు సమాంతరంగా, ట్రాలీ కొక్కేనికి, టైరుకు తగలకుండా ఉండాలి. వాననీళ్లు నిలవకుండా కొద్దిగా వాలు చాలు. సైలెన్సర్ అడుగున చిన్న చిల్లు ఉంటే అది నీళ్లు కారడానికి పెట్టిందే, లీకనుకుని మూయించకండి.

రెండోది నిప్పురవ్వలు. బండి చాలాసేపు ఐడిలింగ్‌లో ఉంటే గొట్టంలో మసి పెచ్చులు కడుతుంది. ఒక్కసారిగా లోడు పడగానే ఆ పెచ్చులు ఎర్రగా కాలి బయటికి ఎగురుతాయి. లోపలి అడ్డరేకులు వాటిని చాలావరకు ఆపుతాయి, ఖాళీ గొట్టం ఏదీ ఆపదు. పెట్రోలు, డీజిల్ డిపోల్లోకి వెళ్లే ట్యాంకర్ల గొట్టానికి స్పార్క్ అరెస్టర్ అనే జల్లెడ తొడుగు ఉంటుంది. మన ట్రాక్టర్ గొట్టం సైజుకు కూడా దాన్ని అమర్చుకోవచ్చు. మసి పట్టి మూసుకుపోతుంది కాబట్టి తీసి శుభ్రం చేస్తూ ఉండాలి. పొలంలో పని లేనప్పుడు బండిని గంటల తరబడి ఐడిలింగ్‌లో వదలకండి. గడ్డి కోసే బ్రష్ కట్టర్ సైలెన్సర్‌లోనూ ఇలాంటి చిన్న జాలి ఉంటుంది, రిపేరుకిచ్చినప్పుడు మెకానిక్ దాన్ని తీసేసి ఇచ్చాడేమో చూసుకోండి.

మూడోది చెత్త. పక్క సైలెన్సర్ మీద, దాని బ్రాకెట్ సందుల్లో పత్తి దూది, మొక్కజొన్న పొట్టు, వరిగడ్డి, పామాయిల్ మట్టల పీచు ఇరుక్కుంటాయి. కోతల్లో మధ్యాహ్నం బండి ఆపినప్పుడు, సాయంత్రం దిగేముందు కర్రతో దులపండి. పని ముగిసిన వెంటనే బండిని మట్టల వరుస పక్కనో, గడ్డివాము పక్కనో నిలపకండి. ఇంజిన్ ఆపాక కూడా చాలాసేపు గొట్టం కాలుతూనే ఉంటుంది. నరికిన మట్టలను పేర్చిన సాలులో నుంచి కాకుండా పక్క సాలు నుంచి గెలలు మోసుకోవడం మేలు.

నిలువు గొట్టంలో నీళ్లు పోకుండా రాత్రిపూట డబ్బా బోర్లించే అలవాటున్నవాళ్లు స్టార్ట్ చేసేముందు తీయడం మరవకండి. వానాకాలంలో పక్క సైలెన్సర్‌కు వేరే చిక్కుంది. ముర్రేడు, కిన్నెరసాని, తాలిపేరు లాంటి వాగులు దాటేటప్పుడు గొట్టం కొన నీళ్లలో మునిగి బండి ఆగిపోతే నీళ్లు లోపలికి వెళ్తాయి. అప్పుడు వరసగా సెల్ఫ్ కొట్టకుండా, బండిని బయటికి లాగించి గొట్టం విప్పి నీళ్లు వంపాలి. దమ్ము చేసే కాలంలో కాలే మానిఫోల్డ్ మీద బురదనీళ్లు చిమ్మితే పగుళ్లు వస్తాయి, ముందు చెప్పిన చిల్లుల రేకు అక్కడ కూడా అడ్డం ఉంటుంది. కురచ మొక్కల తోటల్లో పని లేని రైతులు, వరి దమ్ము, వాగు దారులే ఎక్కువగా ఉన్నవాళ్లు అసలు నిలువు గొట్టమే ఉంచుకోవడం మంచిదని మా అభిప్రాయం.

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా బండి మీద రెండు కిలోల డ్రై పౌడర్ సిలిండర్, నీళ్ల క్యాను, ఒక పార ఉంచండి. డీజిల్ మంటకు పౌడర్, గడ్డి మంటకు నీళ్లు, మట్టి. డీజిల్ మంట మీద నీళ్లు పోస్తే మంట పారుతుంది. నేల మీద పాకే చిన్న మంటను గాలి వాటం వెనక నుంచి పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పవచ్చు. మనిషి ఎత్తు దాటితే వెనక్కి వచ్చేయండి, 101కి లేదా 112కి ఫోన్ చేయండి. మీ ఊరి అటవీ బీట్ అధికారి నంబరును ఫోన్‌లోనే కాక, మడ్‌గార్డు లోపలి వైపు పెయింటుతో కూడా రాయించి పెట్టుకోండి. చర్ల, దుమ్ముగూడెం వైపు సిగ్నల్ అందని చేలు ఉన్నాయి. అక్కడ బండి తీసుకుని సిగ్నల్ ఉన్న గుట్ట దాకా పరుగెత్తే మనిషి దగ్గర మీ ఫోన్ ఉండకపోవచ్చు.